పేరు మంత్రము కాదు, ప్రార్థన
ఐరోపా దేశపు వింత పేర్లనుండి ఒక పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 35:16-18, 1 దినవృత్తాంతములు 4:9, 10



బిడ్డ పుట్టగానే ఇంటిలో మొదట పుట్టు ప్రశ్న, "ఏమి పేరు పెట్టుదము?" అనునది. తాత ఒక పేరు చెప్పును, మేనత్త మరియొకటి చెప్పును, పట్టణములో చదువుకొను పిన్ని ఎవరును వినని పేరొకటి తెచ్చును. మన సంఘముల బాప్తిస్మపు పుస్తకములను త్రిప్పి చూచిన యెడల ఏసుదాసు, దేవసహాయము, కరుణమ్మ అను పేర్ల ప్రక్కనే హెన్రీ, డోరతీ, ఫ్రెడరిక్ అను పేర్లును కనబడును. ఇవి సముద్రము దాటి వచ్చిన పేర్లు. 1842లో గుంటూరునకు వచ్చిన ఫాదర్ హయ్యర్‌గారు జర్మనీ దేశమున పుట్టినవారు. ఆయన పేరులోని ఫ్రెడరిక్ అను మాటలో సమాధానము, ఏలుబడి అను రెండు అర్థములు ఇమిడియున్నవి. ఇట్టి పేర్లను మనము ప్రేమతో తీసికొంటిమి గాని, వాటి అర్థమును అడిగి తెలిసికొన్నవారు కొద్దిమందే. ఐరోపావారు తమ బిడ్డలకు ఏ మనస్సుతో పేర్లు పెట్టిరో కొంచెము విచారింతము.

1. భయముతో పెట్టిన పేరు

సెర్బియా దేశములో 1787వ సంవత్సరమున ఒక రైతు ఇంట మగబిడ్డ పుట్టెను. అతనికి ముందు పుట్టిన బిడ్డలు నిలువక చనిపోయిరి. మంత్రగత్తెలు పసిబిడ్డలకు హాని చేయుదురనియు, తోడేలు జోలికి మాత్రము రారనియు ఆ ప్రాంతపువారు నమ్మెడివారు. కాబట్టి తలిదండ్రులు ఆ బిడ్డకు వూక్ అని పేరు పెట్టిరి. వూక్ అనగా తోడేలు.

మన గ్రామములవారికి ఇది వింత కాదు. బిడ్డలు నిలువని ఇంట పుట్టినవానిని పెంటకుప్పమీద ఉంచి తీసికొని పెంటయ్య అనుటయు, తవుడు ఇచ్చి కొనుక్కొన్నట్లు చేసి తవిటయ్య అనుటయు మన పెద్దలు ఎరిగినదే. హీనమైన పేరు పెట్టిన యెడల మృత్యువు ఆ బిడ్డను విడిచిపోవునని వారి ఆశ. ఆ పేర్లను ఎవరును ఎగతాళి చేయకూడదు. వాటి వెనుక తల్లి కన్నీరు కలదు. ఇప్పటికిని ఇద్దరు బిడ్డలను పాతిపెట్టిన తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, వీనికైనను అటువంటి పేరు పెట్టుకొందునా?" అని మెల్లగా అడుగుట కలదు. అట్టి తల్లికి మేము చెప్పునది ఇదే: "అమ్మా, చావు పేరును చూచి వెనుకకు పోదు. బిడ్డను నర్సమ్మకు చూపించుము, టీకాలు తప్పక వేయించుము, దేవుని చేతికి అప్పగించుము. పేరు మాత్రము నీవు సంతోషముతో పిలువగలిగినది పెట్టుము."

ఆ వూక్ ఏమాయెనో వినుడి. వూక్ కరాజిచ్ 1864 వరకు బ్రదికెను. తన ప్రజల భాషకు నిఘంటువు కూర్చెను, ఒక్కొక్క శబ్దమునకు ఒక్కొక్క అక్షరము ఉండునట్లు వారి లిపిని సరిచేసెను, సామాన్యులు మాటలాడు భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. అది 1847లో అచ్చుపడెను. భయముతో తోడేలని పిలువబడినవాని చేతిమీదుగా దేవుని వాక్యము ఆ జనులకు వారి మాటలలో అందెను.

యబ్బేజు సంగతియు ఇట్టిదే. వేదనపడి కన్నందున తల్లి అతనికి వేదనను తెలుపు పేరు పెట్టెను. అతడు ఆ పేరును మోయుచునే దేవునికి మొఱ్ఱపెట్టెను. దేవుడు అతని మనవి ఆలకించెను. పేరు అతని దారికి అడ్డము రాలేదు.

2. ఉపదేశముగా పెట్టిన పేర్లు

పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో జర్మనీలోని భక్తిపరులు బిడ్డల పేర్లనే చిన్న ప్రసంగములుగా చేసిరి. గాట్‌లోబ్ అనగా దేవుని స్తుతించుము. ట్రౌగాట్ అనగా దేవుని నమ్ముకొనుము. ఫ్యూర్ష్టెగాట్ అనగా దేవునికి భయపడుము. లేబెరెక్ట్ అనగా సరిగా బ్రదుకుము. దినమునకు పదిమార్లు తల్లి పిలిచినప్పుడెల్ల బిడ్డ చెవిని ఒక ఆజ్ఞ పడునన్నమాట!

ఈ పేర్లు ఫలించెనా? 1715లో ఒక పాదిరిగారి ఇంట పుట్టిన క్రిస్టియన్ ఫ్యూర్ష్టెగాట్ గెలెర్ట్ తన పేరునకు తగినట్లు బ్రదికి, సంఘములు పాడుకొను కీర్తనలు వ్రాసెను. అయితే 1815లో వాటర్లూ యుద్ధమున నెపోలియనును ఓడించుటలో పాలుపొందిన సేనాధిపతి బ్లూకర్ పేరులో లేబెరెక్ట్ అను మాట కలదు. ఆయన ధైర్యవంతుడే గాని జూదములో మునిగి తేలినవాడని అందరును ఎరుగుదురు. సరిగా బ్రదుకుమని పేరు పెట్టినంతమాత్రమున చేయి పాచికలను విడువదు. చెడ్డ పేరు బిడ్డను చెరుపలేనట్లే, మంచి పేరును బిడ్డను రక్షింపలేదు.

ఇంగ్లండులోని ప్యూరిటనులు ఈ దారిలో ఇంకను దూరము పోయిరి. లండనులో తోలు వర్తకము చేసిన బేర్‌బోన్ పేరు ప్రెయిజ్‌గాడ్, అనగా దేవుని స్తుతించు. 1653లో కూడిన పార్లమెంటును జనులు అతని పేరుతోనే పిలిచిరి. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాకు పోయిన సంఘపెద్ద విలియం బ్రూస్టర్ పిల్లలలో నలుగురి పేర్లు పేషెన్స్, ఫియర్, లవ్, రెస్లింగ్. అనగా ఓర్పు, భయభక్తి, ప్రేమ, పెనుగులాట. ఈ కడపటి పేరు వినగానే యబ్బోకు రేవునొద్ద యాకోబు పెనుగులాడిన రాత్రి మనకు జ్ఞాపకము వచ్చును. అదే ఓడ నడిసముద్రమున ఉండగా పుట్టిన బిడ్డకు ఓషియానస్ అని పేరు పెట్టిరి. ఓడ ఒడ్డు చేరి లంగరు వేసిన తరువాత పుట్టిన బిడ్డకు పెరెగ్రీన్ అనిరి, అనగా యాత్రికుడు. ఓషియానస్ పసితనముననే గతించెను. పెరెగ్రీన్ 1704 వరకు బ్రదికెను.

3. పేరును మోయునది బిడ్డయే

ప్రెయిజ్‌గాడ్ బేర్‌బోన్ కుమారునికి, క్రీస్తు నీకొరకు చనిపోకున్న యెడల నీవు నశించియుందువను అర్థమిచ్చు పెద్ద వాక్యమునే పేరుగా పెట్టిరని చెప్పుదురు. అందులోని సత్యము గొప్పదే. అయితే దానిని బడిలోనికి, బజారులోనికి మోసికొని పోవలసినవాడు కుమారుడు. 1666లో లండను కాలిపోయిన తరువాత ఇండ్లకు అగ్ని భీమా వ్యాపారము ఆరంభించి ఆయన ప్రసిద్ధికెక్కెను గాని, లోకము ఎరిగినది నికొలస్ బార్బన్ అను పొట్టి పేరునే.

ఈ విషయమై కొన్ని ప్రభుత్వములును కలుగజేసికొన్నవి. ఫ్రాన్సులో 1803 నాటి చట్టము పరిశుద్ధుల పట్టికలోని పేర్లను, పూర్వచరిత్రలోని పేర్లను మాత్రమే అనుమతించెను. 1993లో ఆ కట్టు తీసివేయబడెను. అయినను బిడ్డకు కీడు కలిగించు పేరును న్యాయస్థానము అడ్డగించవచ్చును. ఐస్లాండులో 1991లో క్రొత్త పేర్లను పరీక్షించుటకు ఒక సంఘమునే నియమించిరి.

రాహేలు ప్రాణము పోవుచుండగా బిడ్డకు బెనోని అని పేరు పెట్టెను. అది దుఃఖపు పేరు. యాకోబునకు ఆమెపై ప్రేమ లేక కాదు. అయినను బిడ్డ బ్రదుకంతయు తల్లి మరణమును మోయకుండునట్లు అతడు బెన్యామీను అని పిలిచెను. తన కన్నీరు తుడుచుకొని బిడ్డ ముందున్న దినములను చూచిన తండ్రి అతడు.

4. విశ్వాసముతో పెట్టిన పేర్లు

స్కాట్లండులో గిల్‌క్రైస్ట్ అను పేరు కలదు. దాని అర్థము క్రీస్తు సేవకుడు. మన క్రీస్తుదాసు అక్కడను ఉన్నాడు! థియొడోర్, డోరతీ అను రెండు పేర్లలోను అవే రెండు గ్రీకు మాటలు ముందువెనుకలుగా ఉన్నవి. రెంటికిని దేవుని వరమని అర్థము. ఫ్రెంచివారి రెనే అనగా తిరిగి జన్మించినవాడు. అనస్తాసియా అను పేరు పునరుత్థానమను గ్రీకు మాటనుండి వచ్చినది. మన వీధిలో అవ్వ "డోరతీ, నీళ్లు తెమ్ము" అని పిలుచునప్పుడు, ఎరుగకయే "దేవుని వరమా" అని పిలుచుచున్నది. అర్థము తెలిసిన యెడల ఆ పిలుపు ఎంత మధురముగా ఉండును!

కాబట్టి ప్రియులారా, పేరు పెట్టుటకు ముందు దాని అర్థమును అడుగుడి. అవ్వ నోరు తిరుగు పేరు, బడిలో బిడ్డ సిగ్గుపడని పేరు చూడుడి. పేరు కుదరలేదని జనన నమోదును ఆలస్యము చేయకుడి. 1969 నాటి చట్టము ప్రకారము 21 దినములలో జననమును తెలియజేయవలెను. పేరును తరువాత చేర్పించవచ్చును. జనన పత్రములోను, బడి పుస్తకములోను, బాప్తిస్మపు పుస్తకములోను పేరు ఒకే విధముగా వ్రాయబడునట్లు చూచుకొనుడి.

మన మధ్య పెంటయ్యలు, తవిటమ్మలు ఉన్నారు. వారు తమ పేర్లనుగూర్చి తలవంచుకొన నక్కరలేదు. తన వారిని పేరుపెట్టి పిలిచితినని యెషయా 43లో సెలవిచ్చిన దేవుడు వారి పేర్లనుకూడ ఎరుగును. జయించువానికి క్రొత్త పేరు చెక్కిన తెల్లరాతిని ఇత్తునని ప్రకటన 2:17లో ప్రభువు వాగ్దానము చేసెను. తలిదండ్రులు పెట్టునది మొదటి పేరు మాత్రమే. కడపటి పేరు ఆయన చేతిలో ఉన్నది. ఆమేన్.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మీ పేరునకు అర్థమేమి? దానిని ఎవరు, ఎందుకు పెట్టిరి?
2. యబ్బేజు తన పేరును మార్చుకొనలేదు. మరి ఏమి చేసెను?
3. పాత పేరు కలవారిని మన సంఘములో ఎవరైన ఎగతాళి చేయుచున్నారా? మనమేమి చేయవలెను?