కొలవకుండా కొయ్యకు

చిరంజీవి అల్లుడికి,



అమెరికాలో నువ్వు ఇంట్లో నింపుకునే రైఫిల్ తూటాల ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కొన్ని తూటాలు ఛాంబర్లోకి దిగడం లేదని, దిగినవాటికి కూడా లీవర్ బిగుతుగా పడుతోందని రాశావు. పేల్చిన ఇత్తడి కేసులు మళ్లీ వాడుతుంటే వాటి పొడుగు పెరుగుతూ పోతోందని, ప్రతిసారీ మూతి కోస్తున్నానని, ట్రిమ్మర్ మార్చమంటావా అనీ అడిగావు. మార్చకు. రోగం ట్రిమ్మర్లో లేదు.

నేను రైఫిల్ పేల్చినవాణ్ణి కాను. మందు ఎంత పొయ్యాలన్నది నన్నడగొద్దు. అది మందు కంపెనీవాడు అచ్చేసిన పట్టికలోనో, నువ్వు పోసుకునే సీసం గుండ్లకనే లైమన్ వాళ్లు వేసిన పుస్తకంలోనో చూసుకో, ఎవరో చెప్పారని ఒక్క గింజ కూడా ఎక్కించకు. కానీ ఇత్తడి, సీసం, డై అంటావా, అవి నా రోజువారీ పని. ఫిషింగ్ హార్బర్ బోట్ల ఇంజన్లకి వైట్‌మెటల్ బేరింగులు పోసి, బోరింగ్ చేసి, స్క్రేపరు పట్టి కూర్చోబెట్టిన చేతులివి. అంతవరకు నా మాట నమ్మొచ్చు.

ముందు కొలత సంగతి. నీది థర్టీ-థర్టీ వించెస్టర్. దాని కేసు పొడుగు 2.039 అంగుళాలు దాటకూడదు, కోస్తే 2.029 దగ్గర ఆపాలి. మధ్య తేడా పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే మిల్లీమీటరులో నాలుగో వంతు. ఈ కాస్త తేడాలో నీ వెర్నియర్ మూతి మీద మురికే రెండు థౌ తినేస్తుంది. దవడలు తుడిచి, మూసి, సున్నా చూసుకున్నాకే కేసు పెట్టు. ఇంకొకటి. నీ ఫొటోలో కేసుని ప్రైమర్‌తో సహా కొలుస్తున్నావు. సీసం గుండుకి మందు తక్కువ, ఒత్తిడీ తక్కువ. అలాంటప్పుడు పేలిన ప్రైమర్ వెనక్కి కొంచెం తోసుకొచ్చి అడుగున ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు కూడా నీ లెక్కలో పడిపోయింది. ప్రైమర్ తీసేసి, సైజింగ్ డైలోంచి తీసి, మూతి బర్రు గీకేసి, అప్పుడు కొలువు. డైలో పెట్టకముందు కొలిచి కోసినవాడు డై తర్వాత మళ్లీ కొయ్యాల్సిందే, ఎందుకంటే ఇత్తడి ముందుకి సాగేది అక్కడే.

ఇక దిగని తూటాలు. ఫొటోలో ఒకదాని భుజం కింద చిన్న ఉబ్బు కనబడింది. అది చూశాక నాకు అనుమానం తీరింది. నీ తుపాకీకి గొట్టం మేగజైన్, తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి (అందుకే దానికి గుండు మూతి చదునుగా ఉండాలి, మొనదేలితే ముందు తూటా ప్రైమర్‌ని పొడుస్తుంది). స్ప్రింగు తోపుకి గుండు లోపలికి జారకుండా కేసు మూతిని గుండు గాడిలోకి నొక్కి పట్టాలి, దాన్నే మీరు క్రింప్ అంటారు. క్రింప్ డై ఒకే ఎత్తులో బిగించి ఉంటుంది. కేసులేమో తలా ఒక పొడుగు. పొట్టిదానికి క్రింప్ పడదు. పొడుగుదానికి మూతి గాడిలో మునిగిపోయినా డై ఇంకా కిందికి తోస్తూనే ఉంటుంది. మెడ ఎటూ పోలేక భుజం ఉబ్బుతుంది. ఆ తూటా ఛాంబర్లో దిగదు. నువ్వు గుండు లావైందనుకుని సైజు తగ్గించబోయావు. తగ్గించకు. నాళం గాడి 308 థౌ అయితే సీసం గుండు 309, 310 ఉండాలి. అది లావు కాదు, పట్టు.

మూతి విచ్చడమూ అంతే. సీసం గీసుకుపోకుండా మూతిని కొంచెం విప్పుతావు కదా, పొడుగు కేసు ఎక్కువ విచ్చుతుంది, పొట్టిది విచ్చదు. అంటే పొడుగులన్నీ ఒక్కటి చేస్తే నీ సగం బాధలు పోతాయి.

సగమే. అసలు సంగతి మిగిలింది. మూతి దగ్గర కోసి పారేస్తున్న ఇత్తడి ఎక్కడి నుంచి వస్తోంది? కొత్తగా పుట్టదు కదా. దుప్పటి మీదికి లాక్కుంటే కాళ్లు బయటపడ్డట్టు, అడుగుకి కొంచెం పైన గోడ పలచబడుతుంది. థర్టీ-థర్టీ కేసు అంచు మీద ఆనుకుని నిలుస్తుంది, భుజానికి ఛాంబర్లో కాస్త ఖాళీ ఉంటుంది. పేలినప్పుడు భుజం ఆ ఖాళీలోకి పోతుంది. నువ్వు డైని షెల్ హోల్డరుకి తగిలేదాకా దింపి, పైన పావు చుట్టు కూడా బిగించావు. డై పెట్టెలో వచ్చే కాగితం అలాగే చెబుతుంది. దాంతో భుజం మళ్లీ వెనక్కి. ముందుకీ వెనక్కీ ఇలా ఆడిస్తే ఏ ఇత్తడైనా ఎన్నాళ్లు ఆగుతుంది?

డైని కొంచెం పైకి తీసి లాక్ రింగు బిగించు. అక్కడ సైజు చేసిన ఖాళీ కేసు తుపాకీలో వేసి చూడు. బిగుతుగా ఉంటే రవంత కిందికి. లీవర్ సాఫీగా పడ్డచోట ఆపు, ఇక దింపొద్దు. మెడ లోపల కాస్త లూబ్ రాస్తున్నావా? ఎండు మెడలోంచి ఎక్స్‌పాండర్ గుండీని లాగితే కీచుమంటుంది, మెడ పొడుగ్గా సాగుతుంది. తక్కువ ఒత్తిడి మందుకి కేసు పెద్దగా సాగకూడదు. అయినా సాగుతోందంటే డైనో, ఎండు మెడో, రెంటిలో ఒకటి.

ఇప్పటికే చాలాసార్లు కోసిన కేసుల్ని పక్కన పెట్టు. కాగితాలకి పెట్టే పిన్ను తిన్నగా లాగి, కొస వంచి, లోపల గోడ మీద కిందినుంచి పైకి గీకు. అడుగుకి కొంచెం పైన కొస గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు చచ్చినట్టే. బయట అక్కడే మెరిసే గీత ఉన్నా అంతే. శ్రావణంతో నలిపి స్క్రాపులో పడెయ్. ఇంకొక్కసారి వాడదామనుకున్నప్పుడే అడుగు విడిపోతుంది, వేడి గాలి నీ మొహానికి.

ఇవన్నీ చేశాక కూడా దిగకపోతే ఊహించకు, రంగు పుయ్యి. మేము బేరింగు ఎక్కడ ఆనుతోందో చూడ్డానికి షాఫ్టుకి బ్లూ పూసి తిప్పుతాం. నువ్వు ప్రైమరూ మందూ లేని ఉత్తి తూటా ఒకటి చేసి, మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, ఛాంబర్లోకి తోసి తియ్యి. గుండు ముక్కు మీద గాళ్ల చారలు పడ్డాయా, అయితే గుండు బయటికి ఎక్కువ ఉంది. భుజం అంచున చెరిగిందా, క్రింప్. మూతి చుట్టూ చెరిగిందా, పొడుగు. పొడుగు కేసు మూతి ఛాంబర్ చివర ఇరుక్కుని గుండుని పట్టేస్తే ఒత్తిడి ఎక్కడికి పోతుందో ఎవడూ చెప్పలేడు.

సీసం గురించి అరవాలనే ఉంది, కానీ పక్కనే ఉన్న మీ అమ్మ వింటుంది. గ్యారేజీలో పోస్తున్నావు, పక్కన పిల్లదాని సైకిలు కనబడింది. సీసం 327 సెల్సియస్ డిగ్రీలకి కరుగుతుంది, ఆ వేడికి ఆవిరి తక్కువే. పైన తేలే బూడిదలాంటి చిట్టెం, దాని దుమ్ము, అదీ అసలు విషం. చేతికంటి నోట్లోకి పోతుంది. ఆ చొక్కాతో పిల్లనెత్తుకోవద్దు. 2021లో అమెరికా సీడీసీ పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని గీత కిందికి దించింది. పిల్లకీ నీకూ పరీక్ష చేయించు. కుండలో తడి చెంచా పెట్టకు, చెమట చుక్క పడనివ్వకు, ఒక్క చుక్క నీరు ఆవిరై కుండంతా ఎగజిమ్ముతుంది. పాత బ్యాటరీ సీసం అసలొద్దు, దాంట్లోంచి ప్రాణాలు తీసే వాయువులు వస్తాయి. చక్రాల బరువులు కరిగిస్తే జింకువి ఏరెయ్యి. జింకు 419 దాకా కరగదు, కాబట్టి వేడి పెంచకుండా ఉంటే పైకి తేలుతుంది, గరిటెతో తీసెయ్యొచ్చు.

చివరిగా రెండు కట్టుబాట్లు. నీకు గ్రీన్ కార్డు ఉంది, నీ కోసం నువ్వు చేసుకుంటున్నావు, సరే. అమ్మితే లైసెన్సు కావాలి. మీ ఇంట్లో ఉండే కుర్రాడు హెచ్-1బీ మీద ఉన్నాడు కదా. ఆ వీసావాళ్లు వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. సరదాకి కూడా అతని చేతికివ్వకు, తూటాల పెట్టె తాళం నీ దగ్గరే ఉంచు.

డై ఒకటి నన్ను లేత్ మీద తిప్పి పంపమన్నావు. పంపను. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం, 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు, పైన యావజ్జీవం. ఆ సామాను నా లేత్ మీద కనబడితే అది మేనల్లుడి కోసమని పోలీసులకి నేనేం చెప్పను? సంక్రాంతికి వచ్చేటప్పుడు రేంజికి తీసుకెళ్లే బ్యాగు మాత్రం తేవొద్దు. కొత్త బ్యాగు కొను. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా చాలు, విమానాశ్రయంలో కేసు కట్టడానికి.

ఈలోగా బాగా కోతలు పడ్డ కేసు ఒకటి హాక్సాతో నిలువునా చీల్చి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపు. గోడ ఎక్కడ పలచబడిందో చూసి డై ఎంత పైకి తియ్యాలో మాట్లాడుకుందాం.

మీ మామయ్య