ఎముక కరిగితే మూత్రం చెబుతుంది

ఒక ఇంటి ముందు పాత ఇటుకలు, సున్నపు పెళ్ళలు కుప్పగా పడి ఉన్నాయనుకోండి. లోపల ఏదో పడగొడుతున్నారని తెలుస్తుంది. కాని ఇల్లంతా కూలగొడుతున్నారా, పాత గోడ తీసి కొత్త గోడ కడుతున్నారా? కుప్పను చూసి చెప్పలేం. మన ఎముకల సంగతీ ఇంతే.

ఎముక రాయి కాదు, ప్రాణమున్న కణజాలం. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను కరిగిస్తుంటాయి. ఆ ఖాళీలో ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముకను కడుతుంటాయి. పెద్దవారి ఎముకల్లో ఏటా సుమారు పదో వంతు ఇలా మారిపోతుంది. ఎముకకు గట్టితనాన్నిచ్చేవి కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు. సన్నని కోడి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టి చూడండి. లవణాలు కరిగిపోయి, మిగిలినది రబ్బరులా వంగుతుంది. అది చాలావరకు కొల్లాజెన్ అనే మాంసకృత్తు.

కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. దీని తయారీ విచిత్రం. ప్రోలిన్ ముందుగా గొలుసులో చేరుతుంది. ఆ తరువాతనే, సి విటమిన్ సాయంతో, హైడ్రాక్సీప్రోలిన్‌గా మారుతుంది. అందుచేత ఎముక కరిగి బయటపడ్డ హైడ్రాక్సీప్రోలిన్ కొత్త కొల్లాజెన్‌కు పనికిరాదు. చాలా భాగాన్ని కాలేయం విరగ్గొడుతుంది. సుమారు పదో వంతు మూత్రంలో పోతుంది. దానినే కొలుస్తారు. అయితే పరీక్షకు ముందు మేక కాళ్ళ పులుసు తింటే మేక కొల్లాజెన్ కూడా మన లెక్కలో పడుతుంది! అందుకే ఇప్పుడు కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బంధించే డీఆక్సీపిరిడినోలిన్‌ను, ఎన్‌టీఎక్స్ అనే కొల్లాజెన్ ముక్కను కొలుస్తున్నారు.

ఒకే ఇంట్లో పద్నాలుగేళ్ళ అబ్బాయి, ముప్పై అయిదేళ్ళ తల్లి, అరవై ఏళ్ళ నాయనమ్మ ఉన్నారనుకుందాం. అందరికన్నా పెద్ద అంకె ఎవరికి వస్తుంది? సాధారణంగా అబ్బాయికే. తల్లి అంకెకు కొన్ని రెట్లు ఉండవచ్చు. అయినా అతనికి జబ్బు లేదు. ఎదిగే ఎముక ఆకారం మారాలంటే పాతది కరగాలి. కరిగేదాని కన్నా కట్టేది ఎక్కువ. ఆడపిల్లల్లో ఈ ఉధృతి మగపిల్లల కన్నా ఒకటి రెండేళ్ళు ముందే వస్తుంది. తల్లి వయసులో అంకె బాగా తగ్గి నిలకడగా ఉంటుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి, నాయనమ్మ అంకె మళ్ళీ పెరుగుతుంది. మనవడి అంకె కన్నా అది చిన్నదే. కాని ఎముక అరిగిపోతున్నది ఆమెకే, ఎందుకంటే కట్టే పని కరిగే పనిని అందుకోలేదు.

ఇందులో మరో మెలిక ఉంది. మూత్రం పలచనా చిక్కనా అన్న తేడా పోవడానికి అంకెను క్రియాటినిన్‌తో భాగిస్తారు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ తక్కువున్న పిల్లల్లోనూ ముసలివారిలోనూ భాజకం చిన్నది, కాబట్టి భాగఫలం మరికాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

మన పొదిలిలో ఇది తెలిసి ఉండటం అవసరం. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి వైద్య పత్రికలో ప్రకటించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం గురించి లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరైడు కట్టే కణాలను రెచ్చగొడుతుంది. కరిగే పనీ పెరగవచ్చు. ఆ పెరుగుదల పట్టుకోవాలంటే పొదిలి పిల్లవాడి అంకెను ఫ్లోరైడు లేని ఊళ్ళోని అదే వయసు పిల్లవాడి అంకెతో పోల్చాలి.

మూత్రంలోని ఫ్లోరైడుకూ వయసు పట్టింపు ఉంది. ఎదిగే ఎముకలు దానిని ఎక్కువగా పట్టి ఉంచుకుంటాయి, మూత్రంలోకి తక్కువ వదులుతాయి. ఏళ్ళ తరబడి బావినీరు తాగిన పెద్దలు మంచినీటికి మారినా, పాత ఎముక కరిగినప్పుడల్లా దాగిన ఫ్లోరైడు కొద్దికొద్దిగా ఏళ్ళపాటు మూత్రంలో బయటపడుతూనే ఉంటుంది.