వీడియో సరే, తీసిందెవరు?

ప్రశ్న: వానలు మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో వరద వీడియోలు వచ్చి పడతాయి. ఏది మన ఊరిదో, ఏది పాతదో తేల్చేలోపే డెస్క్ నుంచి ఫోన్లు. ఏం చేయమంటారు?
– మండల విలేకరి, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: "వీడియో ఉంది, తీసినవాళ్లు ఇంకా దొరకలేదు" అని డెస్క్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. సోషల్ మీడియా మనకిచ్చేది సాక్షి ఆచూకీ మాత్రమే. గ్రూపులో పెట్టినాయన్ని "మీకెవరు పంపారు?" అని అడుగుతూ వెనక్కి వెళ్లండి. వీడియో మీద జంట బాణాల గుర్తుంటే కనీసం ఐదు చేతులు మారిందని లెక్క; అక్కడ ఈ దారి తొందరగా మూసుకుపోతుంది.

తీసినాయన దొరికితే "ఇది నిజమేనా?" అనొద్దు. కాదని ఎవరంటారు? ఎక్కడ నిలబడి తీశారు, ఎన్నింటికి తీశారు, ముందూ వెనకా తీసిన క్లిప్పులున్నాయా అని అడగండి. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమనండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన తేదీ, చోటు వంటి వివరాలు చెరిగిపోతాయి.

మనిషి దొరకలేదా, ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతది బయటపడితే పని అయిపోయినట్టే. బయటపడకపోతే మాత్రం కొత్తదని కాదు. అప్పుడు షాపు బోర్డులు, బస్సు మీద డిపో పేరు, వెనకున్న కొండ చూడాలి. 2018లో కామెరూన్ సైనికులు ఇద్దరు మహిళల్ని, ఇద్దరు పిల్లల్ని కాల్చి చంపిన వీడియో బయటికొస్తే అక్కడి ప్రభుత్వం ఫేక్ అంది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వెనకున్న కొండల వరసను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చోటు పట్టుకుంది. ఇళ్లలో వచ్చిన మార్పులు, నీడలు చూసి అది 2015 మార్చి, ఏప్రిల్ నాటిదని తేల్చింది. మీకు అంత శ్రమ అక్కర్లేదు. విజయవాడ సింగ్‌నగర్ అని వచ్చిన వీడియోలో ఫ్లైఓవర్ ఎటువైపు కనిపించాలో అక్కడ తిరిగే ఆటో డ్రైవరు చూడగానే చెప్పేస్తాడు.

ప్రశ్న: ప్రమాదంలో పోయిన కుర్రాడి ఫేస్‌బుక్ ఫొటో వాడేయొచ్చా? అందరూ వాడుతున్నారు.
– స్ట్రింగర్, ఖమ్మం

జవాబు: అందరికీ కనిపిస్తోందని మనదైపోదు. ఫొటో మీద హక్కు సాధారణంగా తీసినవారిది. పైగా అదే పేరుతో పది అకౌంట్లుంటాయి, బతికున్నవాడి ఫొటో అచ్చేస్తే వాళ్లింట్లో ఏమవుతుందో ఊహించుకోండి. బంధువుల పోస్టు కింద "నంబర్ పెట్టండి సార్" అని కామెంటు చేయడం నాకైతే అసహ్యం. పేరు, పత్రిక, మీ నంబరు రాసి విడిగా మెసేజ్ పెట్టండి. లేదా ఊరికెళ్లి ఇంటి పెద్దను అడగండి. ప్రమాదాల మాట అలా ఉంచితే, లైంగిక నేరాల్లో బాధితులు పిల్లలైతే ఫొటో, పేరే కాదు, బడి పేరు, పేట పేరు కూడా పోక్సో చట్టం ప్రకారం బయటపెట్టకూడదు.

ప్రశ్న: ఒక నాయకుడు పోస్టు పెట్టి గంటలో తీసేశారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. చాలదా?
– పేరు వద్దు

జవాబు: చాలదు. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు. ఈసారి నుంచి చూడగానే లింకు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి, వేబ్యాక్ మెషీన్‌లో దాచే ప్రయత్నం చేయండి. ఫేస్‌బుక్ పేజీలు అందులో చాలాసార్లు పడవు కాబట్టి స్క్రీన్ రికార్డింగ్ కూడా ఉంచుకోండి. ఇప్పటికి మాత్రం ఆయనకే ఫోన్ చేసి ఎందుకు తీసేశారో అడగండి. "అకౌంట్ హ్యాక్ అయింది" అంటే ఆ మాటా రాయండి.