బడి వంట, బేకరీ పని: భక్తిపరులైన యువతకు ఒక జీవనోపాధి

పాఠశాల విద్యార్థులకు వండి వడ్డించే పనిని సమాజం చాలాకాలం పాటు ఉద్యోగంగా కాక ఉపకారంగానో, ఇల్లు గడవని ఆడవారికి దొరికిన ఆధారంగానో చూస్తూ వచ్చింది. ఆ చూపు వల్లనే శిక్షణ, జీతం, పదోన్నతి అనే విషయాలు ఈ రంగంలో బాగా ఆలస్యంగా చర్చకు వచ్చాయి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం దైవసేవేనన్న నమ్మకంతో ఈ పనిని ఎంచుకోదలచిన యువతీయువకులకు ఆ నమ్మకం గొప్ప బలమే. అయితే అది తూకంలో, శుభ్రతలో, వేళకు వడ్డించడంలో కనిపించినప్పుడే పిల్లలకు ఉపయోగపడుతుంది. కుటుంబాన్ని పోషించుకోవడానికి భక్తితో పాటు ధ్రువపత్రం గల నైపుణ్యం కూడా చేతిలో ఉండాలి.

తెలుగునాట ఈ సంప్రదాయానికి లోతైన వేళ్లున్నాయి. కోనసీమలోని లంకల గన్నవరంలో వచ్చినవారందరికీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తన మధ్యాహ్న బడి భోజన పథకానికి పెట్టింది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం, గురుద్వారాల్లో కులమతాలతో నిమిత్తం లేకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టే లంగర్ ఇదే భావానికి వేరువేరు రూపాలు. వీటి నుంచి విద్యార్థి గ్రహించవలసినది ముఖ్యంగా పంక్తిలో భేదం పాటించకపోవడం, ఎందుకంటే బడి వంటలో అది సద్గుణం మాత్రమే కాక నిబంధన కూడా.

వండిన మధ్యాహ్న భోజనాన్ని ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఆ పథకమే 2021 నుంచి పీఎం పోషణ్ అనే పేరుతో నడుస్తోంది. దాని ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి పూటకు 450 కిలోకేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల విద్యార్థికి 700 కిలోకేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. దీనిని సరుకుల్లోకి మార్చి చూస్తే ప్రాథమికోన్నత విద్యార్థికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అవుతాయి. అంటే 200 మంది పిల్లలున్న బడిలో వంటమనిషి ప్రతిరోజూ 30 కిలోల బియ్యం, 6 కిలోల పప్పు, 15 కిలోల కూరగాయలు, కిలోన్నర నూనె తూచి గుండిగల్లో వేయాలి. కంటి అంచనాతో, పిడికిలి కొలతతో ఇంట్లో ఎంత రుచిగా వండగలిగినా ఈ లెక్క రానివారు బడి వంటకు సిద్ధం కానట్టే. పప్పులో ఒక్కొక్కరికి 10 గ్రాములు తగ్గినా 200 మందికి కలిపి రోజుకు 2 కిలోల పప్పు పిల్లల నోటికి అందకుండా పోతుంది.

భద్రత ఇంతకంటే కఠినమైన విషయం. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెను పురుగుమందుల సమీపంలో ఉంచకూడదన్న నియమం, వడ్డించేముందు పెద్దవారు రుచి చూడాలన్న నియమం ఎందుకున్నాయో ఆ ఒక్క దుర్ఘటన చాలినంత స్పష్టంగా చెబుతుంది. కంటికి కనిపించని ప్రమాదాలూ ఉన్నాయి. బియ్యంలో సహజంగా ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వార్చిన తరువాత గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి ఆహారశాస్త్రం ఆ అంతరాన్ని ప్రమాద మండలంగా వ్యవహరిస్తుంది. పది గంటలకే వండి ఒంటిగంట దాకా మూతపెట్టి ఉంచే అలవాటు కంటే బడి గంటకు సరిపడేలా పొయ్యి వెలిగించడం మేలని దీని భావం. ఈ విషయాలలో ప్రాథమిక శిక్షణను భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఫోస్టాక్ అనే కార్యక్రమం ద్వారా ఇప్పిస్తోంది. బడి వంటకు, బేకరీకి రెండింటికీ పనికివచ్చే ఆ ధ్రువపత్రాన్ని అభ్యర్థి ముందుగానే సంపాదించుకోవడం మంచిది.

భక్తిపరులకు ఈ వృత్తిలో ఎదురయ్యే పరీక్షలను దాచి చెప్పడం న్యాయం కాదు. తెలుగు రాష్ట్రాలు రెండూ బడి భోజనంలో గుడ్డు పెడుతున్నందున శాకాహార నియమం గల వ్యక్తి తాను తినని పదార్థాన్ని పిల్లల కోసం ఉడికించవలసి వస్తుంది. అది అంగీకారం కాని వారికి ఇస్కాన్ బెంగళూరు 2000లో ప్రారంభించిన అక్షయపాత్ర వంటి శాకాహార కేంద్రీకృత వంటశాలలు, అంటే ఒకచోట వండి అనేక బడులకు వాహనాల్లో పంపే వంటశాలలు, అనువుగా ఉంటాయి. మరొక పరీక్ష కులానికి సంబంధించినది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించినప్పటికీ, దళిత మహిళ వండిన అన్నాన్ని తమ పిల్లలు తినకూడదని అడ్డుపడిన తల్లిదండ్రుల ఉదంతాలు దేశంలో ఇంకా వినవస్తూనే ఉన్నాయి. మడి, ఆచారం అనే పేరుతో ఆ వివక్షను వంటశాలలోకి తెచ్చేవారు, వారు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఈ వృత్తికి తగరు.

ఆదాయం సంగతి మరీ సూటిగా చెప్పాలి. పథకంలో వంటవారు ఉద్యోగులు కారు. వంటమనిషి-సహాయకురాలు అనే హోదాలో పనిచేస్తూ గౌరవ వేతనం పొందుతారు. కేంద్ర ప్రమాణం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. ఆంధ్రప్రదేశ్ 2019లో దానిని 3,000 రూపాయలకు పెంచగా, తెలంగాణ తరువాత అదే మొత్తానికి వచ్చింది. గంటల తరబడి పొయ్యి ముందు నిలబడే పనికి ఇది ఏమాత్రం సరిపడని ప్రతిఫలం, సేవాభావం ఉన్నవారికి తక్కువ ఇచ్చినా ఫరవాలేదన్న ధోరణి తప్పు. అందువల్ల చదువుకున్న యువత ఈ హోదాను అనుభవం సంపాదించే తొలి మెట్టుగా భావించి, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో హెడ్ కుక్, అసిస్టెంట్ కుక్ పనులను, జవహర్ నవోదయ విద్యాలయాల్లో మెస్ హెల్పర్, కేటరింగ్ సూపర్‌వైజర్ ఉద్యోగాలను లక్ష్యంగా పెట్టుకోవాలి. మొదటివాటిలో ఎక్కువభాగం కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఉంటాయి. నవోదయ ఉద్యోగాలు మాత్రం రెగ్యులర్ పోస్టులు.

ఈ వృత్తికి తోడుగా నేర్వదగిన విద్యల్లో బేకరీ పని అన్నిటికంటే ఎక్కువ ఫలం ఇస్తుంది. బడి వంట మధ్యాహ్నంతో ముగుస్తుంది, సెలవుల్లో ఆగిపోతుంది. బేకరీకి క్రిస్మస్ కేకుల కాలం, రంజాన్ సాయంత్రాలు, పెళ్లిళ్ల నెలలు అన్నీ గిరాకీ రోజులే. పైగా ఇది కచ్చితమైన లెక్కల మీద నడిచే పని. బేకర్లు మైదాను ఎప్పుడూ 100గా తీసుకుని మిగిలిన పదార్థాలను దానికి శాతాలుగా చెబుతారు. మామూలు బ్రెడ్డుకు 10 కిలోల మైదా అయితే నీరు సుమారు 6 కిలోలు, ఉప్పు 200 గ్రాములు, పొడి ఈస్ట్ 100 గ్రాములు పడతాయి. పిండిని పిసికేటప్పుడు అందులోని మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఈస్ట్ చక్కెరలను తిని విడిచే బొగ్గుపులుసు వాయువు ఆ వలలో చిక్కుకోవడం వల్లనే ముద్ద పొంగుతుంది. చిన్న ముక్కను తీసి వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చని పొరగా రావాలి. అలా రాకపోతే పిసకడం చాలలేదన్నమాట. 60 డిగ్రీల దరిదాపుల్లో ఈస్ట్ చనిపోతుంది గనుక మరీ వేడి నీళ్లు పోసినవారి బ్రెడ్డు పొంగదు. హైదరాబాద్ ఉస్మానియా బిస్కెట్లకు పేరు తెచ్చిన కార్మికులు చాలామంది ఈ లెక్కలను ఉస్తాదుల దగ్గర చూసి నేర్చుకున్నవారే. నేటి విద్యార్థికి అదే జ్ఞానం తరగతి గదిలోనూ దొరుకుతోంది.

పదో తరగతి పూర్తిచేసినవారికి ఐటీఐల్లో ఒక ఏడాది వ్యవధి గల బేకర్ అండ్ కన్ఫెక్షనర్, ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడులు ఉన్నాయి. ఇంటర్ చదివినవారు హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ మండలి పరిధిలోని సంస్థల్లో ఏడాదిన్నర బేకరీ డిప్లొమా చేయవచ్చు. మూడేళ్ల డిగ్రీ కోరేవారికి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష ఉంటుంది. సొంతంగా చిన్న బేకరీ పెట్టదలచినవారికి కేంద్రం 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహార సంస్థల పథకం ప్రాజెక్టు వ్యయంలో 35 శాతాన్ని, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, బ్యాంకు రుణానికి ముడిపెట్టి రాయితీగా ఇస్తూ వచ్చింది. దరఖాస్తు చేసేముందు ఆ పథకం గడువును జిల్లా పరిశ్రమల కేంద్రంలో విచారించుకోవాలి. రాగి బిస్కెట్లు, వేరుశనగ చిక్కీ వంటివి శుభ్రంగా చేయగలిగినవారికి చుట్టుపక్కల బడులు, హాస్టళ్లే తొలి కొనుగోలుదారులు కాగలవు.

ఆసక్తి గల విద్యార్థులు పదో తరగతి ఫలితాలు వచ్చిన వెంటనే సమీప ఐటీఐకి వెళ్లి ఈ ట్రేడులు అక్కడ ఉన్నాయో లేవో, ఓవెన్లు నిజంగా పనిచేస్తున్నాయో లేదో కళ్లారా చూసి, ఆ తరువాతే దరఖాస్తు చేసుకోవాలి.