బొడ్డుతాడులోని జిగురు – మూలకణాలు

ఇంట్లో కోడలికో కూతురికో నెలలు నిండగానే "బొడ్డుతాడును దాచిపెట్టించమంటారా?" అని అడిగే పెద్దలు ఇటీవల ఎక్కువయ్యారు. డబ్బు కట్టేముందు ఆ తాడులో ఏముందో తెలుసుకోవడం అవసరం.

మూడవ వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుంది. ముఖ్యంగా నడిమి పొర అయిన మధ్యస్త్వచం నుండి పుట్టే మెత్తని సంయోజక కణజాలమే 'మీసెంకైమ్'. అందులోని నక్షత్రాకార కణాలు జిగురు పదార్థంలో విడివిడిగా ఉండి, కావలసిన చోటికి కదిలిపోగలవు. కుమ్మరి సారె మీది తడిమట్టి వలె ఇవే ఎముక, మృదులాస్థి, కొవ్వు, రక్తనాళాలుగా రూపొందుతాయి.

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. అవి నలగకుండా కాపాడే జిగురు మీసెంకైమ్ నుండి ఏర్పడినదే. ఆంగ్ల వైద్యుడు థామస్ వార్టన్ 1656లో వర్ణించినందున దానిని 'వార్టన్ జెల్లీ' అంటారు.

శిశువు నాభినాడి తల్లి రసవహనాడితో కూడి గర్భాన్ని పోషిస్తుందని గురుకులంలో సుశ్రుత సంహిత శారీరస్థానం ద్వారా నేర్చుకొన్నాము. అది పోషణను గూర్చిన జ్ఞానం. మూలకణాలు కూడా మన గ్రంథాలలో ఉన్నాయనడం సత్యం కాదు.

1991లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లాన్ ఈ కోవకు చెందిన కణాలకు 'మీసెంకైమల్ మూలకణాలు' అని పేరు పెట్టాడు. ప్రయోగశాలలో ఇవి ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారతాయి. శరీరంలోకి ఎక్కించినప్పుడు మాత్రం కొత్త అవయవాన్ని నిర్మించడంకన్నా, తాము స్రవించే పదార్థాలతో వాపును, రోగనిరోధక చర్యను అదుపు చేయడమే వీటి ప్రధాన కార్యమని తరువాత తేలింది. అందుచేతనే ఆ పేరును మార్చాలని 2017లో కాప్లానే కోరాడు.

ఈ కణాలతో చేసిన మందులకు కొద్ది వ్యాధులలో అనుమతి లభించింది. అంతమాత్రాన పక్షవాతం, మధుమేహం, ఆటిజం అన్నీ నయమవుతాయన్న ప్రకటనలను నమ్మరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తం నిల్వను మాత్రమే అనుమతించాయి. తాడు కణజాలం నిల్వను అనుమతించలేదు.

ఖర్చులేని మేలు ఒకటున్నది. శిశువు పుట్టిన తరువాత కనీసం ఒక నిమిషం ఆగి తాడును బిగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ కొద్దిసేపట్లో చేరే రక్తం బిడ్డకు ఇనుమును సమకూరుస్తుంది. ఈ విషయం ప్రసవానికి ముందే మీ వైద్యురాలితో మాట్లాడండి.