నీటి దారి

పాఠ్యాంశ ఉద్దేశం

వాహనం నేడు నగరవాసి నిత్యజీవితంలో భాగమైంది. దాని దేహంలోకి వర్షపు నీరు ఎలా చేరుతుంది, ఎలా వెలుపలికి పోతుంది, ఆ దారి మూసుకొనిపోతే కలిగే నష్టమేమిటి అనే విషయాలను తెలియజేస్తూ, కార్యాన్ని చూచి కారణాన్ని క్రమపద్ధతిలో అన్వేషించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘నీరు పల్లమెరుగు’ అన్నది తెలుగువారి సామెత. ఎగువనుండి దిగువకు పోవడం నీటికి సహజగుణం. దారి ఉన్నంతవరకు అది ఎక్కడా నిలువదు. నిలువరాని చోట నీరు నిలిచిందంటే దాని దారికి ఏదో అడ్డు తగిలిందని గ్రహించాలి. ఈ మాట ఊరి చెరువుకు ఎంతగా వర్తిస్తుందో, ఇంటిముందు నిలిపిన కారుకూ అంతగానే వర్తిస్తుంది.

హైదరాబాదు నగరానికి ఆగ్నేయ దిశలో, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లకు చేరువలో ఉన్న మీర్‌పేట్ చెరువుల ప్రాంతం. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు నేటికీ అక్కడ ఉన్నాయి. తెలంగాణలో పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించారు. పొలానికి నీరు వదలడానికి తూము, నిండిన చెరువునుండి మిగులు నీరు పొర్లిపోవడానికి అలుగు ఏర్పరచారు. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువును చేరేది. పోయే నీటికి దారి చూపినప్పుడే కట్ట నిలుస్తుందని ఆ నిర్మాతలకు తెలుసు. కాలక్రమంలో చెరువుల నడుమ ఇండ్లు వెలిశాయి, కాలువలు ఇరుకైనాయి. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోత వర్షానికి నగరంలోని అనేక ప్రాంతాలు జలమయమైనాయి. అదే నెల 17వ తేదీ రాత్రి మీర్‌పేట్‌కు పొరుగున ఉన్న బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. ఆ రోజులలో వీధుల్లో నిలిపిన కార్లు వరదలో కొట్టుకొనిపోయిన దృశ్యాలను దేశమంతా చూచింది.

వరదలో మునిగిన కారుకు కలిగిన నష్టం కంటికి కనిపిస్తుంది. యజమాని దానిని వెంటనే మెకానిక్ వద్దకు చేరుస్తాడు. కాని వరదనే ఎరుగని కారులోనూ, చెట్టునీడన నిలిచి ఆకులు రాల్పించుకొన్న కారులోనూ, వానవానకూ గ్లాసెడు నీరు చేరి నెలల తరబడి దాగి ఉండవచ్చు. ఈ రెండవ ఆపద చడీచప్పుడు లేనిది. కారునే నమ్ముకొని కుటుంబాన్ని పోషించే ట్యాక్సీ డ్రైవరుకు, వాయిదాలు కట్టుకొంటూ పాత కారు కొన్న చిరుద్యోగికి అది ఒకనాడు మోయలేని ఖర్చుగా మారుతుంది.

కారులోకి నీరు ఒక్క చుక్క కూడా రాదని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. డోర్ అద్దం ప్రక్కనున్న రబ్బరు అంచు నీటినంతటినీ ఆపలేదు. కొంత నీరు అద్దం వెంబడి డోర్ లోపలికి దిగి, అడుగున ఉన్న సన్నని రంధ్రాలగుండా నేలమీదికి జారిపోతుంది. ముందు అద్దం క్రింద, వైపర్ల దగ్గర ఉండే జాలీలో పడిన వాన ప్రక్క గొట్టాలద్వారా దిగువకు పోతుంది. పైకప్పున తెరచుకొనే అద్దం ఉన్న కార్లలో, దాని చుట్టూ ఉన్న పళ్లెంలో చేరిన నీరు మూలలనుండి సన్నని గొట్టాలగుండా స్తంభాల లోపలినుండి దిగి వెలుపలికి వస్తుంది. డోర్ల క్రింద పొడవునా ఉన్న బోలు దూలానికీ అడుగున రంధ్రాలుంటాయి. ఇవన్నీ కారుకు అలుగులు, తూములు. కారును నిర్మించినవారు నీటిని కేవలం అడ్డగించలేదు. వచ్చిన నీటికి పోయే దారిని ఏర్పరచారు.

ఈ దారులు మూసుకొనిపోవడానికి కారణాలు సామాన్యమైనవే. వేపాకు, చింతాకు వంటి చిన్న ఆకులు జాలీ సందులలో దూరి కుళ్లి బురదగా మారుతాయి. మట్టిరోడ్ల దుమ్ము వానతో కలిసి డోర్ అడుగు రంధ్రాలను పూడుస్తుంది. తుప్పు పట్టకుండా కారు అడుగుభాగానికి పూసే నల్లని పూత, అజాగ్రత్తగా పూస్తే, అవే రంధ్రాలను కప్పివేస్తుంది. తుప్పును నివారించదలచిన పనియే తుప్పుకు హేతువు కావడం ఇందులోని విచిత్రం.

నీరు దాగి ఉన్నదని తెలిపే లక్షణాలు కొన్ని ఉన్నాయి. డోర్ తీసి వేసినప్పుడు, కారు మలుపు తిరిగినప్పుడు లోపల నీరు కదలిన చప్పుడు వినవస్తుంది. ఉదయం అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టి ఉంటుంది. మ్యాట్ పైన పొడిగానే ఉన్నా దాని క్రింది స్పంజు తడిగా ఉండి ముక్కవాసన వేస్తుంది. డిక్కీలో స్టెప్నీ ఉంచే గుంటలో నీరు నిలుస్తుంది. డోర్ అడుగు అంచున రంగు బొబ్బలుగా లేస్తుంది. ఈ బొబ్బలు కనిపించేసరికి తుప్పు లోపలివైపునుండి రేకును చాలావరకు తినివేసి ఉంటుంది.

లక్షణం కనిపించగానే చికిత్సకు పూనుకోరాదు. ముందుగా అది ఏ నీరో తెలుసుకోవాలి. వాన లేని వేసవిలో కూడా ముందు సీటు పాదాల దగ్గర తడి చేరితే, ఏసీలో చల్లబడి గాలినుండి దిగిన నీరు తన గొట్టం మూసుకొనిపోయి లోపలికి వస్తున్నదని అనుమానించాలి. తడి జిగటగా, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది ఇంజన్‌ను చల్లబరచే కూలెంట్. వాన కురిసిన తరువాతనో, కారు కడిగిన తరువాతనో మాత్రమే తడి కనిపిస్తే అది బయటి నీరు. ఈ మూడింటికీ మూడు వేరువేరు చికిత్సలు.

బయటి నీరని తేలిన తరువాత పరీక్ష ప్రారంభించాలి. నీరు కనిపించిన చోటే అది ప్రవేశించిన చోటు కాదు. పైకప్పున ప్రవేశించిన చుక్క స్తంభం వెంబడి దిగి, తివాచీ క్రింద పారి, వెనుక సీటు దగ్గర బయటపడవచ్చు. కాబట్టి మ్యాట్లు తీసి, లోపలి భాగాన్ని పూర్తిగా ఆరనివ్వాలి. అనుమానమున్న అంచుల లోపలివైపు పౌడరు చల్లితే నీరు జారిన చారిక స్పష్టంగా తెలుస్తుంది. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి. మరొకరు బయటినుండి నెమ్మదిగా నీరు పోయాలి. పోయడం క్రిందినుండి ఆరంభించి పైకి సాగాలి. ఒక్కొక్కచోట కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుండి ఒక్కసారిగా గుమ్మరిస్తే నీరు అన్ని సందులలోను చేరి, ఏది దోషమో తెలియకుండా పోతుంది. పోసిన నీరు ఏ రంధ్రంనుండి బయటికి రావాలో అక్కడినుండి వస్తున్నదా, లేదా అన్నది కూడా గమనించాలి. వస్తే ఆ దారి తెరచి ఉన్నట్లు. ఆగి ఆగి చుక్కలుగా వస్తే సగం పూడినట్లు.

పూడిన దారిని తెరవడంలో ఓర్పు అవసరం. జాలీలోని ఆకులను చేతితో తీసివేయాలి. డోర్ అడుగు రంధ్రాలను మెత్తని ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేయాలి. ఇనుప చువ్వతో పొడిస్తే రంగు లేచి అక్కడే తుప్పు పుడుతుంది. పైకప్పు గొట్టాలలోనికి సన్నని నైలాన్ తీగను మెల్లగా పోనివ్వాలి. యంత్రంతో బలంగా గాలి కొడితే గొట్టం స్తంభం లోపల అతుకు దగ్గర ఊడిపోయి, చిన్న దోషం పెద్ద దోషమవుతుంది. అన్నిటికంటె పెద్ద పొరపాటు, నీరు కారుతున్న చోట లేపనం పూసి మూసివేయడం. అది నిర్గమద్వారమైతే, పూసినవాడు నీటిని లోపల బంధించినవాడవుతాడు.

తడిని ఉపేక్షించరాదు. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసిన చోట తుప్పు పుడుతుంది. నేటి కార్లలో చాలావాటికి వేరుగా చట్రం లేదు. దేహమే భారాన్ని మోస్తుంది. డోర్ల క్రింది దూలం తుప్పుపట్టి బలహీనపడితే, ప్రమాదం జరిగినప్పుడు లోపలివారిని కాపాడే శక్తి తగ్గుతుంది. తివాచీ క్రిందనే విద్యుత్ తీగల అతుకులు ఉంటాయి. వాటికి చిలుము పడితే దీపాలు, అద్దాలు, చివరకు ప్రాణరక్షక గాలిసంచులు సైతం సరిగా పనిచేయకపోవచ్చు.

నిండా మునిగిన కారు విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. నీరు తీసిన వెంటనే తాళం తిప్పి స్టార్ట్ చేయరాదు. ఇంజన్ సిలిండరులో చేరిన నీరు గాలివలె నొక్కుడుపడదు. లోపలి కడ్డీలు వంగి ఇంజన్ చెడుతుంది. సాధారణ బీమాలో ఈ నష్టానికి పరిహారం లభించకపోవచ్చు. బ్యాటరీ తీగ తప్పించి, కారును లాగించి తీసుకొనిపోవడమే మేలు. పాత కారు కొనేవారు సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చారిక ఉన్నదేమో చూడాలి. సీట్ల క్రింది బోల్టుల తుప్పును, స్టెప్నీ గుంటలోని ఒండ్రును పరిశీలించాలి. లోపల అత్తరు వాసన అతిగా ఉంటే అది దేనిని కప్పిపుచ్చుతున్నదో ఆలోచించాలి.

వర్షాకాలానికి ముందు ఒక ఉదయం ఈ రంధ్రాలను, గొట్టాలను చూచుకొంటే చాలు; దానికి పెద్ద ఖర్చు లేదు. కాలువ పూడిక తీయడం రైతుకు వానకు ముందు చేయవలసిన పని. తెగిన కట్టను పూడ్చడం వాన తరువాత తప్పనిసరియైన శ్రమ. ఈ రెండింటిలో ఏది తేలికో చెరువుల క్రింద బ్రతికినవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

కఠినపదాలకు అర్థాలు

అలుగు : చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం
తూము : చెరువునుండి పొలానికి నీరు వదిలే ద్వారం
హేతువు : కారణం
నిర్గమద్వారం : వెలుపలికి పోయే దారి
లేపనం : పూత
ఒండ్రు : నీటితో కొట్టుకొని వచ్చి నిలిచిన మట్టి

అభ్యాసం

I. క్రింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. కారు దేహంలో దాగిన నీటిని గుర్తించే లక్షణాలను, పరీక్షించే పద్ధతిని వివరించండి.

II. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నీరు కనిపించిన చోటే అది ప్రవేశించిన చోటు కాదు.
2. తుప్పును నివారించదలచిన పనియే తుప్పుకు హేతువు కావడం ఇందులోని విచిత్రం.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట ఎప్పుడు తెగింది?
2. తియ్యని వాసనతో జిగటగా ఉండే తడి ఏది?
3. మునిగిన కారును వెంటనే ఎందుకు స్టార్ట్ చేయరాదు?