ఆటలో చోటు

2024 సెప్టెంబరు 3వ తేదీ. పారిస్ పారాలింపిక్ క్రీడలలో మహిళల 400 మీటర్ల పరుగు పందెం జరిగింది. 55.82 సెకన్లలో గమ్యం చేరిన ఒక తెలుగు యువతి కాంస్య పతకం సాధించింది. ఆమె పేరు జీవాంజి దీప్తి. మేధో వైకల్యం గల భారతీయ క్రీడాకారులలో పారాలింపిక్ పతకం పొందిన మొదటి వ్యక్తి ఆమె.

దీప్తి స్వగ్రామం వరంగల్ జిల్లాలోని కల్లెడ. తల్లిదండ్రులు కూలిపని చేసి ఆమెను పెంచారు. చిన్ననాడు ఊళ్లో కొందరు ఆమెను వెక్కిరించేవారు. బిడ్డను అనాథాశ్రమంలో చేర్చమని చెప్పినవారూ ఉన్నారు. తల్లిదండ్రులు ఆ మాటలు చెవిన పెట్టలేదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగులోని వేగాన్ని గుర్తించాడు. తరువాత శిక్షకులు నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు.

400 మీటర్ల పరుగుకు కాలిబలం ఒక్కటే చాలదు. మొదటే బలమంతా ఖర్చుచేస్తే చివర కాళ్లు సాగవు. ఎక్కడ అదుపు చేసుకోవాలో, ఎక్కడ వేగం పెంచాలో తెలియాలి. మేధో వైకల్యం గలవారికి ఈ అంచనా కష్టం. ఓర్పుతో పదేపదే సాధన చేయిస్తే అదీ అలవడుతుంది. 2024 మే నెలలో జపానులోని కోబేలో దీప్తి 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

ఈ విజయాలు ఇంటిల్లిపాదికీ బలమిచ్చాయి. కష్టకాలంలో అమ్ముకొన్న పొలాన్ని బహుమతి సొమ్ముతో ఆ కుటుంబం తిరిగి కొనుక్కొన్నది. వెక్కిరించిన నోళ్లే మెచ్చుకొన్నాయి.

అయితే ఇటువంటి క్రీడాకారులకు ఈ తలుపు ఎప్పుడూ తెరచి లేదు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. మోసం చేసినవారు కొందరు. శిక్ష అనుభవించినది అందరూ. మేధో వైకల్యం గలవారి పోటీలు ఆగిపోయి, 2012లో లండన్‌లో మళ్లీ మొదలైనాయి.

అందరూ పతకాలు గెలవలేరు. ఆటకు అర్హత పతకం కాదు. యూనిస్ కెనెడీ ష్రైవర్ 1968లో షికాగోలో ప్రారంభించిన స్పెషల్ ఒలింపిక్స్ ఈ సంగతినే చాటింది. అందులోని ఉమ్మడి క్రీడలలో వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టుగా ఆడతారు. ఇందుకు పెద్ద స్టేడియం అక్కరలేదు. బీదరు జిల్లా దుబల్గుండి వంటి ఊళ్లలోనూ ఖోఖో ఆడే పిల్లలు గట్టున కూర్చున్న తోటివాణ్ణి "నువ్వూ రారా" అని పిలిస్తే చాలు. ఆ పిలుపుతో బిడ్డకు నేస్తాలు దొరుకుతారు. తల్లికి గుండె బరువు తగ్గుతుంది.

అర్థాలు
మేధో వైకల్యం = నేర్చుకోవడంలో, అర్థం చేసుకోవడంలో బాల్యం నుండి ఉండే లోపం
చెవిన పెట్టు = మాట వినిపించుకొను

ప్రశ్నలు
1. 400 మీటర్ల పరుగులో అంచనా ఎందుకు అవసరం?
2. "మోసం చేసినవారు కొందరు, శిక్ష అనుభవించినది అందరూ." ఈ మాటను వివరించండి.
3. మీ ఆటలో అందరికీ చోటు దొరకాలంటే ఏ నియమాలు మార్చుకొంటారు?